దుప్పటి కొసలు

"నవ్వకమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నవ్వితే నువ్వూ అందరిలాగే ఉంటావు."

మాస్టారు కసిరేసరికి స్టూలు మీద కూర్చున్న పిన్ని మూతి బిగించింది. ఆ బిగించిన మూతీ ఆయనకి నచ్చలేదు. "అదిగో, ఇప్పుడు కోపంగా ఉంది. కోపం కూడా వద్దు. ఊరికే ఉండు. ఊరికే ఉండటం కూడా చేతకాదా?" అన్నాడు. నిజంగానే పిన్నికి అది చేతకాదు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి ఆమె. బుద్ధెరిగాక ఒక పూట ఊరికే కూర్చున్నట్టు ఆమెకి గుర్తు లేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు వాటంతట అవే కొంగు అంచుని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ మడతపెడుతున్నాయి.

ఇనప సామాన్ల కొట్టు మీది అంతస్తులో మాస్టారు ఫొటోలు తియ్యడం నేర్పే స్టూడియో అది. కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కట్టేశారు. రెండు పెద్ద లైట్లు పిన్ని మొహం మీద కొడుతున్నాయి. గాలికి జుట్టు ఎగిరితే ఫొటో చెడుతుందని ఆమె వైపు ఫ్యాను ఆపేశారు. నేర్చుకునేవాళ్ల వైపు మాత్రం హాయిగా తిరుగుతోంది. చెమట పడితే తుడుచుకోవడానికి వీల్లేదు. చెమట ఫొటోలో మెరుస్తుందట, అందంగా ఉంటుందట. పొద్దుననగా కూర్చున్న మనిషి మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడుతోంది.

మాస్టారి కెమెరా వెనక నిలబడ్డ అమ్మాయి ఊరికే లెన్సు తిప్పుతోంది. ఆమెని ఆ గదిలో అందరూ 'పాస్‌పోర్టు' అంటారు. ఆ పేరు మాస్టారే పెట్టాడు. వీధి చివర చిన్న ఫొటో షాపులో ఏళ్ల తరబడి పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసిన మనిషి కదా, మొదటి రోజు క్లాసులో మోడల్‌ని చూడగానే అలవాటు కొద్దీ "గడ్డం కాస్త కిందకి దించండి, చెవులు రెండూ కనపడాలి" అనేసింది. గదంతా గొల్లుమంది. ఖరీదైన కెమెరా మెళ్లో వేసుకొచ్చిన పళ్ల డాక్టరుగారైతే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

మోడల్స్‌కీ అక్కడ ఇలాంటి పేర్లే. వాచ్‌మన్‌గా చేసి మానేసిన ముసలాయన 'గడ్డం'. పిన్ని పేరు 'చేతులు'. బ్లీచింగులో, సోడాలో నాని నాని ఆమె వేళ్లు పాలిపోయాయి, గోళ్లు సగానికి తినేసినట్టు ఉంటాయి. "చేతులు, ఇటు తిరుగు" అంటాడు మాస్టారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. పనిలో ఘటికుడు. చీకట్లో ఒక్క లైటు పెట్టి మనిషి లోపలి మనిషిని బయటికి లాగగలడు. అందుకే ఇంత దూరం నుంచి జనం డబ్బు కట్టి మరీ వస్తారు. మోడల్స్‌కి పూటకి మూడొందలు ఇస్తాడు. లాండ్రీలో రోజంతా తడిసినా అంత రాదని పిన్ని సెలవు రోజుల్లో ఇక్కడికి వస్తోంది.

ఫొటో షాపు అమ్మాయి మాత్రం ఆమెని మొదటి రోజు నుంచీ పిన్నీ అనే పిలిచింది. షాపుకొచ్చిన ఆ వయసు ఆడవాళ్లందరినీ అలాగే పిలిచేది. అదొక్కటీ మాస్టారు మాన్పించలేకపోయాడు. రెండోది మాత్రం మాన్పించాడు. షాపులో ఫొటో తియ్యగానే కెమెరా తెర అవతలివాళ్ల వైపు తిప్పి, "చూసుకోండి, బాగుందా? ఇంకోటి తీద్దామా?" అని అడగడం ఆమెకి అలవాటు. వాళ్లు ఊఁ అంటేనే ప్రింటు. ఓనరు విసుక్కునేవాడు గానీ, అడక్కుండా కొట్టిన ప్రింటుకి ఎవరూ డబ్బివ్వరని వాడికీ తెలుసు. ఇక్కడ అలా చూపించబోతే మాస్టారు కెమెరా మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మోడల్‌కి ఫొటో చూపించకూడదు. ఇది ఇక్కడి మొదటి రూలు. తన మొహం తను చూసుకున్న మనిషి మర్నాటి నుంచి నటిస్తుంది. అప్పుడిక మనకి దొరికేది తోలే."

ఆ మాట అందరూ తలూపి ఒప్పుకున్నారు. ఆమె కూడా ఊపింది.

రెండో రూలు ఇంకోటుంది. దానికి మాస్టారు 'తలుపు తట్టడం' అని పేరు పెట్టాడు. ప్రతి మోడల్‌కీ లోపల ఒక మూసిన తలుపు ఉంటుందట. మోడల్‌తో నాలుగు మాటలు కలిపి, టీ తాగి, ఆ తలుపు ఎక్కడుందో కనుక్కోవాలి. కోర్సు చివరి రోజున లైటు పెట్టి, కెమెరా సిద్ధంగా ఉంచుకుని, ఆ తలుపు తట్టాలి. అప్పుడు మొహంలోకి వచ్చేదే అసలు బొమ్మ. చివరి రోజున ఎవరి ఫొటో గెలిస్తే అది పెద్దది చేసి కింద మెట్ల పక్కన వీధి వైపు ఉన్న స్టూడియో అద్దాల కిటికీలో పెడతారు. తీసినవాళ్లు అనుభవం లేనివాళ్లయినా సరే, స్టూడియోలో రెండో ఫొటోగ్రాఫరు ఉద్యోగం.

ఆ ఉద్యోగం పళ్ల డాక్టరుకి అక్కర్లేదు. ఆమెకి కావాలి. ఇంట్లో ఆమె భర్త బండలు పరిచే మేస్త్రి. మోకాళ్ల మీద కూర్చుని కూర్చుని మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఇప్పుడు లేవాలంటే గోడ పట్టుకుని, ఒకసారి అందరినీ తిట్టుకుని, అప్పుడు లేస్తాడు. "నువ్వు ఫొటోగ్రాఫరువైతే నన్ను మోడల్‌గా పెట్టుకో. నాకు ఊరికే కూర్చోవడం బాగా వచ్చు" అని పరిహాసమాడతాడు. ఆ పరిహాసం వెనక ఉన్నదేమిటో ఆమెకి తెలుసు. ఇంకో ఏడాది ఆ పని చేస్తే మనిషి మూలపడతాడు.

పోయిన వారం టీ విరామంలో ఆమె, పిన్ని మెట్ల మీద కూర్చున్నారు. పిన్ని పక్కన ఎప్పటిలాగే గుడ్డసంచీ ఉంది. అందులో ఇస్త్రీ చేసిన మంచి బట్టలుంటాయి. వచ్చిన ప్రతిసారీ తెచ్చుకుంటుంది. ప్రతిసారీ మాస్టారు "పని బట్టల్లోనే ఉండు" అంటాడు. సంచీ అలాగే ఇంటికి పోతుంది.

"నాకంటూ ఒక్క ఫొటో లేదు అమ్మాయ్. ఐడీ కార్డు మీద ఉందనుకో, అది నేనో, నీళ్లలో మునిగి తేలినదో ఎవరికీ తెలీదు. ఎప్పుడైనా ఒకటి తీసిపెట్టవా? నించుని. కూర్చుంటే మరీ ముసల్దాన్లా కనపడతా."

"తీస్తా పిన్నీ. తప్పకుండా తీస్తా."

"మా జంటది చూసి కుళ్లుకోవాలి" అని పిన్ని నవ్వింది. జంటది అంటే లాండ్రీలో ఆమెతో కలిసి పనిచేసే మనిషి. "మా దాంట్లో ఇద్దరిద్దరం చేస్తాం. దుప్పటి అంత పొడుగుంటుంది కదా, ఒక్కదానివల్ల ఎక్కడవుతుంది? చెరో రెండు కొసలూ పట్టుకుని, గట్టిగా విదిలించి, ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి కలపాలి. అదేమో పొట్టిది. దానికి అందేలా వంగి వంగి నా నడుం పోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. టీ గ్లాసు అడుగున మిగిలినది తిప్పుతూ పిన్ని ఉన్నట్టుండి, "మా వాడు పోయిన రోజు అది సెలవు పెట్టింది" అంది.

ఆ తర్వాత చెప్పిందంతా గొంతు పెంచకుండా, దించకుండా చెప్పింది. కొడుకుకి జ్వరం ముదిరితే ఆ ఆస్పత్రిలోనే చేర్చారు. లాండ్రీ మనిషి కొడుకని ప్రత్యేకం ఏమీ లేదు, జనరల్ వార్డులో వరసలో వేశారు. "నావల్ల అయ్యేది ఏముంది? మెత్తటి దుప్పటి ఒకటి ఏరి వాడి మంచానికి పంపించా. మూల చిరిగితే నేనే కుట్టా. తెల్లదారం అయిపోతే నీలం దారంతో కుట్టా. పోయినవాళ్ల దుప్పట్లు మాకు వేరే మూటలో వస్తాయి. మూట విప్పితే నీలం దారం కనపడింది. అలా తెలిసింది నాకు. పైనుంచి కబురు తర్వాత వచ్చింది."

"అప్పుడేం చేశావు పిన్నీ?"

"ఏం చేస్తా? ఉతికా. ఆ మూట అయ్యేదాకా సూపర్‌వైజరు పైకి పంపలేదు. మిషన్లో ఆరాక ఒక్కదాన్నే మడతపెట్టా. వంకర వచ్చింది. ఆ సూపర్‌వైజరు చూసి, ఇలాగేనా మడతపెట్టేది, మళ్లీ పెట్టు అన్నాడు. పెట్టా." పిన్ని గ్లాసు కింద పెట్టింది. "ఏడవలేదులే. వాడి ముందు ఏడిస్తే అలుసైపోమూ? ఎవరితోనూ అనలేదు ఇది. ఎందుకో నీతో చెప్పాలనిపించింది."

మర్నాడు క్లాసులో మాస్టారు ఒక్కొక్కరినీ లేపి, మీ మోడల్ తలుపు ఎక్కడుందో చెప్పండి అన్నాడు. పళ్ల డాక్టరు నీళ్లు నమిలాడు. ఇంకొకావిడ, గడ్డం తాతకి పింఛను రాలేదండీ అంది. ఆమె వంతు వచ్చింది. అందరూ నవ్వే పాస్‌పోర్టు లేచి నిలబడి పిన్ని చెప్పినదంతా చెప్పింది. మూట, నీలం దారం, వంకర మడత, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఆమె వంక చూసి, "నీకు కన్నుంది పాస్‌పోర్టూ" అన్నాడు. ఆ మాటకి ఆమె ఒళ్లు పులకరించింది. కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇంటికి వెళ్లి ఆ సంబరం భర్తకి చెప్పింది. ఆయన మోకాళ్లకి మందు రాసుకుంటూ విన్నాడు. అంతా విని, "ఆవిడ నీతో చెప్పుకుంది. నువ్వెళ్లి వాళ్లకి చెప్పావు" అన్నాడు. మందు డబ్బా మూత పెట్టి, "బాగుంది" అన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది. నీకేం తెలుసు ఫొటోల సంగతి, బండల సంగతి చూసుకో అని గయ్యిమంది. ఆయన గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లాడు.

ఆ మాటే ఇవాళ పొద్దున్నుంచీ చెవిలో జోరీగలా తిరుగుతోంది. అందుకే తట్టవలసిన తలుపు ఆమె తట్టడం లేదు. "పిన్నీ, కాస్త ఇటు చూడు. పిన్నీ, భుజం దించు" అంటూ కాలక్షేపం చేస్తోంది. మాస్టారు అది కనిపెట్టాడు. విసుగ్గా లేచి, పక్క గదిలోకి వెళ్లి ఏదో గుడ్డ చుట్టి పట్టుకొచ్చాడు.

"ఇది పట్టుకో అమ్మా. ఒళ్లో పెట్టుకో" అని పిన్ని చేతుల్లో పెట్టాడు.

తెల్ల దుప్పటి. పిన్ని చేతులకి బతుకొచ్చింది. హమ్మయ్య, ఒక పని దొరికిందన్నట్టు దాన్ని విప్పి, అలవాటుగా మూలలు వెతికాయి. ఒక మూల దొరికింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

కెమెరాలోంచి చూస్తున్న అమ్మాయికి ముందు ఆ వేళ్లు కనపడ్డాయి. వాటి మధ్య నీలం దారం కుట్టు కనపడింది. ఈ దారం సంగతి లోకంలో ఎవరికీ తెలీదు, తన నోటి నుంచి విన్నవాళ్లకి తప్ప. మాస్టారు కొత్త దుప్పటి కొనిపించి, మూల చింపించి, నీలం దారంతో కుట్టించాడు. ఆ సంగతి అర్థమయ్యేలోపే కెమెరా పిన్ని మొహం మీదకి జరిగింది. ఆ మొహం ఆనకట్ట తెగినట్టు తెగిపోయింది. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. అమ్మాయి వేలు నొక్కేసింది. ఏళ్ల తరబడి సరైన క్షణానికి నొక్కడం నేర్చిన వేలు అది, ఎవరినీ అడగలేదు.

"అద్గదీ!" అన్నాడు మాస్టారు. ఆమె చేతిలో కెమెరా వెనక తెర చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. నటన కాదు, నిజంగానే చెమ్మగిల్లాయి. "చూడండి, అందరూ రండి. పోర్ట్రెయిట్ అంటే ఇదీ." అందరూ మూగారు. పళ్ల డాక్టరు చప్పట్లు కొట్టాడు. "ఇవాళ్టి నుంచి నువ్వు పాస్‌పోర్టువి కాదమ్మా. సోమవారం నుంచి పనిలోకి రా. ప్రింటు కొట్టేవాడికి ఇప్పుడే ఫోను చేసొస్తా, కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి ఉంచు" అని మాస్టారు మెట్లు దిగాడు. మిగతావాళ్లు ఆయన వెనకే టీకి వెళ్లిపోయారు. స్టూలు మీద ఒక మనిషి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. అమ్మాయి వెళ్లి ముందు ఆ లైట్లు ఆర్పి, ఒక కిటికీకి కట్టిన నల్లగుడ్డ పక్కకి లాగింది. ఫ్యాను వేసింది. సీసాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. పిన్ని తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, చెయ్యి చాచింది.

"ఏదీ, చూపించు."

"పిన్నీ... మోడల్స్‌కి చూపించకూడదని..."

"మీ షాపులో చూపించేదానివన్నావు కదే."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. తెర పిన్ని వైపు తిప్పింది. ఏళ్ల తరబడి వేలమందికి తిప్పిన చేతులు. బాగుందా అని మాత్రం అడగలేకపోయింది.

పిన్ని కళ్లు చిట్లించి చూసింది. దగ్గరికి తీసుకుని చూసింది. "బానే తీశావు" అంది చివరికి. "మా వాడి దుప్పటి మూట విప్పినప్పుడు నేనిలాగే ఉండుంటా. అప్పుడు నన్ను నేను చూసుకోలేదుగా." కెమెరా తిరిగి ఇచ్చేసింది. "ఇది కింద అద్దాల్లో పెడతారా?"

"ఊఁ."

"మా ఆస్పత్రివాళ్లంతా ఈ దారినే పోతారు. మా సూపర్‌వైజరు కూడా." పిన్ని కొంగు అంచుని మళ్లీ మడతపెట్టింది. "వాడి ముందు ఏడవకూడదని పళ్ల బిగువున ఉన్నాను అమ్మాయ్. ఇన్నేళ్లూ ఉన్నాను. ఇప్పుడు రోజూ వాడు పనికొస్తూ పోతూ నా ఏడుపు చూస్తాడా?"

"నాదే తప్పు పిన్నీ. నేనే చెప్పాను వాళ్లకి. నోరు మూసుకోలేకపోయాను" అంటూ ఆమె భోరుమంది. పిన్ని ఓదార్చలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మాస్టారు హుషారుగా లోపలికి వచ్చి, తెర ఎటు తిరిగి ఉందో చూశాడు. మొహం ముడుచుకుంది. "చూపించావా? సరే, ఈ ఒక్కసారికి పోనీలే. కార్డు ఇలా ఇవ్వు."

"ఆ ఫొటో వద్దు మాస్టారూ. పిన్నికి ఇష్టం లేదు."

"ఆవిడ ఇష్టంతో పనేముంది? డబ్బు ఇస్తున్నాం కదా." అంతలోనే గొంతు తగ్గించి పిన్ని వైపు తిరిగాడు. "అమ్మా, నీ మంచికే చెప్తున్నా. రేపు వెయ్యిమంది ఆ కిటికీ ముందు ఆగుతారు. నీ కష్టం చూసి కన్నీళ్లు పెట్టుకుంటారు. నీ బాధ లోకానికి తెలియొద్దా?"

"వెయ్యిమంది ఎందుకు బాబూ? ఆ రోజు ఎదురుగా ఒక్క మనిషి కొసలు పట్టుకోవడానికి ఉంటే నాకు చాలేది."

మాట చెల్లనప్పుడు మనుషులు చేసే పనే మాస్టారు కూడా చేశాడు, బలహీనంగా ఉన్నవాళ్ల మీదకి తిరిగాడు. "ఏమ్మా పాస్‌పోర్టూ, ఉద్యోగం అక్కర్లేదా? మీ ఆయన మోకాళ్ల సంగతి మొన్న నువ్వే కదా చెప్పావు? ఆ కెమెరా నాది. కార్డు నాది. ఇవ్వకపోతే దొంగతనం అవుతుంది, తెలుసా?"

తన తలుపు కూడా ఈయనకి తెలుసన్నమాట. ఆ సంగతి అప్పటికి గానీ ఆమెకి తట్టలేదు. మోకాళ్ల మాట వినగానే నిజంగానే భయం వేసింది. సోమవారం, జీతం, గోడ పట్టుకుని లేస్తున్న భర్త, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కెమెరాలోంచి కార్డు తీసింది. మాస్టారు చెయ్యి చాచాడు.

ఈలోగా పిన్ని స్టూలు మీంచి లేచింది. కాళ్ల దగ్గర కుప్పగా పడున్న దుప్పటిని చూసి ఊరుకోలేకపోయింది. వంగి తీసి, దులిపి, నీలం దారం మూలని వెలుగులో పట్టి చూసింది.

"ఎవరు కుట్టారు దీన్ని? ఛీ, ఇదేం కుట్టు. రెండు ఉతుకులకి ఊడిపోతుంది" అంది.

రెండు కొసలు తను పట్టుకుని, మిగతా రెండూ ఫొటో షాపు అమ్మాయి వైపు చాచింది. పిలవలేదు. మడతపెట్టే వేళ ఎదురుగా ఉన్న మనిషికి చాచినట్టే చాచి నిలబడింది.

ఒకవైపు మాస్టారి చెయ్యి, ఒకవైపు దుప్పటి కొసలు. ఆమె కెమెరాని జాగ్రత్తగా స్టూలు మీద పెట్టింది. అది ఆయనదే.

"కార్డు?" అన్నాడు మాస్టారు.

"ఇవ్వను మాస్టారూ."

గొంతు పీలగానే వచ్చింది గానీ వచ్చింది. కార్డు పిడికిట్లో బిగించింది. ఆ పిడికిలితోనే ఒక కొస, రెండో చేత్తో ఇంకో కొస అందుకుంది. పిన్ని వెనక్కి నడిచింది. ఆమె కూడా వెనక్కి నడిచింది. గదిలో వాళ్లిద్దరి మధ్య దుప్పటి బిగుసుకుంది. అవతల మాస్టారు ఏదో అరుస్తున్నాడు, కింద టీ దగ్గరున్నవాళ్లని పేరుపేరునా పిలుస్తున్నాడు.

"గట్టిగా పట్టుకో అమ్మాయ్" అంది పిన్ని. "విదిలిస్తున్నా."